ఒకే ఇంట్లో పెరిగాం, అక్క ఇలా, తమ్ముడు అలా ఎందుకయ్యారు?

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీది కోనసీమలో రాజోలు వైపు, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోట నేలమట్టమైంది. మరుసటేడు అమ్మ ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళారు. అప్పటికి మీకు పదేళ్ళు, తమ్ముడికి ఆరు. నాన్న తాగేవారు. కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గర, కొన్నాళ్ళు నాన్న దగ్గర, మధ్యలో పెదనాన్న గారింట్లో పెరిగారు. ఇప్పుడు మీకు ఉద్యోగం ఉంది, సొంతిల్లు ఉంది. అయినా ఏడాదికి సరిపడా బియ్యం, రెండు నిండు సిలిండర్లు, మూడు చీటీలు ఉంటేగాని నిద్ర పట్టదు. తమ్ముడు రొయ్యల చెరువులు లీజుకి పడతాడు. ఒక పంటలో మిగిలింది సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర పోతుంది. మేత డీలరు దగ్గర అప్పు, మొదటి పెళ్ళి నిలబడలేదు. మీరు అడిగినవి మూడు: ఒకే కష్టం పడ్డ ఇద్దరం ఇంత తేడాగా ఎందుకయ్యాం? వాడు మారతాడా? నా టెన్షన్ నా కూతురికి అంటుకుంటుందా?

నేను చాలా ఏళ్ళు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పాను. ఇప్పుడు అమలాపురం, పాలకొల్లు వైపు కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీలాంటి అక్కాతమ్ముళ్ళు, అన్నాచెల్లెళ్ళు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

మీ ప్రశ్నలో ఒక వాక్యం మీరు దారిన పోతూ రాసినట్టు రాశారు. "తమ్ముడు పుట్టిన ఏడాదే నాన్న తాగుడు మొదలైంది" అని. నాకు మొత్తం కథలో ఇదే ముఖ్యమైన వాక్యంగా కనిపించింది. మీరు "ఒకే కష్టం" అంటున్నారు. ఇల్లు ఒకటే, కష్టం ఒకటి కాదు. మీ మొదటి నాలుగేళ్ళు నాన్న సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషి, అమ్మ ఇంట్లో ఉండే మనిషి. కొబ్బరికాయ దింపు అయితే డబ్బు వచ్చేది. తమ్ముడికి అలాంటి నాలుగేళ్ళు అసలు లేవు. వాడికి ఊహ తెలిసేసరికే నాన్న ఈ రాత్రి ఏ మూడ్‌లో వస్తారో ఎవరికీ తెలియని ఇల్లు అది.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి ఒక అధ్యయనం గురించి చెప్పాలి. అమెరికాలోని మిన్నెసోటాలో 1970ల మధ్యలో, మొదటి కాన్పుకి వచ్చిన పేద తల్లుల్ని ఎంచుకుని, ఆ పిల్లల్ని పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. అందులో పరిశోధకులు రెండు విషయాల్ని విడదీసి చూశారు. ఒకటి పేదరికం, లేమి. రెండోది నిలకడ లేకపోవడం: పెద్దవాళ్ళ పని మారిపోవడం, ఇల్లు మారడం, ఇంట్లో పెద్ద మనుషులు వస్తూ పోతూ ఉండడం. 23 ఏళ్ళ వయసులో ఆ పిల్లలు ఎలా ఉన్నారో చూస్తే, దూకుడు, చట్టం దాటే పనులు, ఎక్కువమందితో శారీరక సంబంధాలు వీటన్నిటికీ ఎక్కువగా ముడిపడింది పేదరికం కాదు, మొదటి ఐదేళ్ళలో నిలకడ లేకపోవడం. ఆరో ఏడు తర్వాత వచ్చిన ఒడిదుడుకుల ప్రభావం అంత బలంగా కనిపించలేదు. 2012లో ఈ ఫలితం బయటికి వచ్చింది. మీ ఇంటి లెక్క ఇందులో పెట్టి చూడండి. మీ ఒడిదుడుకులు చాలావరకు ఐదేళ్ళు దాటాక మొదలయ్యాయి. వాడివి ఉయ్యాలలోనే మొదలయ్యాయి.

లేమి వేరు, నిలకడ లేకపోవడం వేరు అన్నది మన డెల్టాలో రైతుకి విడమరచి చెప్పక్కర్లేదు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలవలో నీళ్ళు తక్కువైతే వంతులు పెడతారు. వంతు ప్రకారం కచ్చితంగా నీళ్ళు వస్తాయని తెలిస్తే, తక్కువ నీళ్ళతో కూడా రైతు ఓపిగ్గా పంట తీస్తాడు. కాలవ చివర ఉండే శివారు భూమి రైతుకి ఆ నమ్మకం ఉండదు. వంతు కాగితం మీద ఉంటుంది, నీళ్ళు పైనే ఆగిపోతాయి. అందుకని అర్ధరాత్రి నీళ్ళు కనబడినా చేనంతా ముంచేస్తాడు. ఎగువ రైతుకి అది అత్యాశలా కనిపిస్తుంది. శివారులో నిలబడి చూస్తే అంతకంటే తెలివైన పని లేదు.

పిల్లల మనసు చేసేదీ ఈ లెక్కే. ఈ లోకంలో మాట నిలబడుతుందా, రేపు అనేది నమ్మదగినదేనా, ఆగితే దక్కుతుందా అని చిన్నప్పుడే అంచనా కడుతుంది. ఆగితే దక్కదని తేలిన పిల్ల, దొరికినప్పుడే తీసుకోవడం నేర్చుకుంటుంది. మా శాస్త్రంలో కొందరు దీనికి జీవిత వ్యూహం అని పేరు పెట్టారు. 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త జే బెల్‌స్కీ, ఆయన సహచరులు ఈ ఆలోచనని ముందుకు తెచ్చారు. చిన్నప్పటి ఇల్లు పిల్లల్ని "పాడు" చేస్తుందని చెప్పడం కంటే, రాబోయే జీవితం ఎలా ఉంటుందో అంచనా వేసి దానికి తగ్గట్టు తయారు చేస్తుందని చెప్పడం సరైనదని వాళ్ళ వాదన. ఆ అంచనా తర్వాత తప్పు కావచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇల్లు నిలకడగా ఉన్నా, మనసు ఇంకా పాత లెక్కతోనే నడుస్తుంటుంది.

2013లో అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన చిన్న ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. ఒక మిఠాయి ముందు పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తా" అని పిల్లలతో చెప్పే పాత పరీక్ష మీరు వినే ఉంటారు. ఆగిన పిల్లలకి క్రమశిక్షణ ఉందని, ఆగనివాళ్ళకి లేదని అనుకునేవారు. వీళ్ళు ఆ పరీక్షకి ముందు ఒక పని చేశారు. కొందరు పిల్లలకి మంచి రంగులు తెస్తామని చెప్పి నిజంగా తెచ్చారు. ఇంకొందరికి అదే మాట చెప్పి, తీరా "సారీ, లేవు" అన్నారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్ళు మూడు నిమిషాలే ఆగారు. అందులో ఉన్నది 28 మంది పిల్లలే, కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. కానీ ఓపిక అనేది పిల్లల గుణం మాత్రమే కాదని, ఎదుటి మనిషి మీద నమ్మకం కూడా అని ఇది చూపిస్తుంది. "వచ్చే నెల డబ్బు పంపిస్తా" అని కువైట్ నుంచి అమ్మ చెప్పిన మాట నెలల తరబడి అటూ ఇటూ అయిన ఇంట్లో మీ తమ్ముడు ఎన్ని నిమిషాలు ఆగాలి?

ఇక స్వభావం సంగతి. అంతా ఇంటి ప్రభావమే అంటే అదీ నిజం కాదు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషుల మధ్య స్వభావంలో కనిపించే తేడాల్లో నలభై, యాభై శాతం దాకా పుట్టుకతో వచ్చిన తేడాలకు ముడిపడి ఉంటాయి. మీ స్వభావంలో సగం జన్యువులు, సగం ఇల్లు అని దీనికి అర్థం కాదు. ఒక మనిషిని అలా కోసి చూపించలేం. పదిమందిని పక్కపక్కన పెడితే వాళ్ళ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే లెక్క అది. కొందరు పిల్లలు పుట్టుకతోనే చుట్టూ ఏం జరిగినా గట్టిగా స్పందిస్తారు. చెడ్డ ఇంట్లో మిగతావాళ్ళకంటే ఎక్కువ దెబ్బతింటారు, మంచి ఇంట్లో మిగతావాళ్ళకంటే బాగా వికసిస్తారు. ఇంకొందరు ఎక్కడ వేసినా ఒకేలా ఎదుగుతారు.

మీరు రాసినదాన్ని బట్టి మీరు చిన్నప్పటి నుంచి జాగ్రత్త మనిషి, భయం పాలు కాస్త ఎక్కువ. తమ్ముడు నలుగురిలో కలిసిపోయే ఉత్సాహవంతుడు. అదే అభద్రత ఇద్దరి మీదా పడింది. భయం ఉన్న జాగ్రత్త మనిషి కూడబెట్టింది. ఉత్సాహం ఉన్న మనిషి దొరికినప్పుడే ఖర్చు పెట్టాడు. చూడ్డానికి మీరిద్దరూ ఒకరికొకరు పూర్తి వ్యతిరేకం. అడుగున ఉన్న నమ్మకం ఒకటే: రేపు మోసం చేస్తుంది. మీరు దాన్ని బియ్యం బస్తాలతో ఎదుర్కొంటున్నారు, వాడు అసలు లెక్క పెట్టకుండా ఎదుర్కొంటున్నాడు. చుట్టాలు మిమ్మల్ని మెచ్చుకుంటారు, వాణ్ణి తిడతారు. కానీ మీ నిద్రలేని రాత్రుల్ని కూడా నేను ఇదే ఖాతాలో రాస్తాను.

ఇంకో తేడా మన ఇళ్ళలో చాలా మామూలు కాబట్టి మనకి కనబడదు. పదేళ్ళ ఆడపిల్ల అంటే మన దగ్గర సగం అమ్మ. బియ్యం డబ్బాలో డబ్బు దాచింది మీరు, నాన్న జేబు వెతికింది మీరు, తమ్ముడికి టిఫిన్ పెట్టి బడికి పంపింది మీరు. అది ఆ వయసుకి మించిన బరువు. కానీ దాంతో పాటు మీకు ఒక అనుభవం దక్కింది: నేను ముందు జాగ్రత్త పడితే పరిస్థితి కొంచెమైనా అదుపులో ఉంటుంది అని. ఆరేళ్ళవాడికి అది దక్కలేదు. వాడు ఏం చేసినా చేయకపోయినా రాత్రి గొడవ జరిగేది. ముందుచూపు పనికొస్తుందని నేర్చుకునే సందర్భమే వాడికి రాలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మారతాడా?

ముందు ఒక భయం తీసేస్తాను. ఇంటర్నెట్‌లో బాల్య కష్టాల స్కోరు అని ఒక పది ప్రశ్నల పట్టిక తిరుగుతోంది, మీరు కూడా వేసుకుని తమ్ముడికి ఏడు వచ్చిందని రాశారు. అది 1998లో అమెరికాలోని శాన్ డియేగోలో సుమారు తొమ్మిదిన్నర వేలమంది పెద్దవాళ్ళ మీద వచ్చిన అధ్యయనం నుంచి పుట్టింది. నాలుగు అంతకు మించి రకాల కష్టాలు పడ్డవాళ్ళలో మద్యం వ్యసనం, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటివి కష్టాలేవీ లేనివాళ్ళకంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ కనిపించాయి. ఇది గంభీరమైన విషయమే. అయితే అది వేలమందిని కలిపి చూసిన సగటు. ఒక ఊరికి వరద ప్రమాదం ఎంతో అది చెప్పగలదు, ఫలానా ఇల్లు మునుగుతుందో లేదో చెప్పలేదు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ సంగతి తేటతెల్లం చేశాయి. ఏడు అనే అంకె పట్టుకుని ఒక మనిషి భవిష్యత్తు చెప్పకండి, ముఖ్యంగా వాడి మొహం మీద చెప్పకండి.

జీవిత వ్యూహం అనే ఆలోచనకీ పరిమితులున్నాయి. తొందర మనుషులు, నిదానం మనుషులు అని జనాన్ని రెండు గాటన కట్టేస్తే, నిజ జీవితంలో ఆ లక్షణాలన్నీ ఒక్క మూటగా రావని విమర్శలు బలంగానే ఉన్నాయి. మీ తమ్ముణ్ణే చూడండి. డబ్బు విషయంలో రేపు లేనట్టు ఉంటాడు, కానీ అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో పగలూ రాత్రీ ఉన్నది వాడేనని మీరే రాశారు. ఏ సిద్ధాంతమైనా మనిషిని అర్థం చేసుకోవడానికి వాడాలి, ముద్ర వేయడానికి కాదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలి బృందం నలభై ఏళ్ళ వయసు దాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేక మానసిక జబ్బు లాంటివి నాలుగైనా చుట్టుముట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలబడ్డారు. వాళ్ళలో తరచుగా కనిపించింది ఏమిటంటే, తల్లిదండ్రులు కాకపోయినా సరే, చిన్నప్పుడు గట్టిగా పట్టుకున్న ఒక మనిషి ఉండడం. అమ్మమ్మో, పిన్నో, అక్కో, ఒక టీచరో. మీకు అమ్మమ్మ ఉన్నారు. మీ తమ్ముడికి ఆ మనిషి మీరు. వాడు ఇవాళ కష్టమొస్తే పారిపోకుండా మీ దగ్గరికే వస్తున్నాడంటే అది అప్పుడు మీరు పెట్టిన టిఫిన్ల ఫలితమే. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

అదే అధ్యయనంలో నాకు ఇంకా ఎక్కువ ధైర్యం ఇచ్చిన సంగతి ఇంకొకటి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకి దారి తప్పారనుకున్నవాళ్ళలో చాలామంది ముప్పై, నలభై ఏళ్ళకి కుదుటపడ్డారు. నిలకడ ఉన్న జీవిత భాగస్వామి దొరకడం, పెద్దయ్యాక చదువుకోవడం, సైన్యంలో చేరడం, ఒక భక్తి సమాజంలో భాగం కావడం వాళ్ళని మలుపు తిప్పాయి. వీటన్నిట్లో ఉమ్మడి గుణం ఏమిటి? రేపు కూడా ఇవాళలాగే ఉంటుందని రుజువు చేసే చోట్లు అవి. పాత లెక్క ఉపన్యాసంతో చెరగదు. కొత్త అనుభవం పదే పదే జరిగితే చెరుగుతుంది.

అందుకే ముప్పై ఐదేళ్ళవాడికి "భవిష్యత్తు గురించి ఆలోచించరా" అని చెప్పడం మానేయండి. వాడికి ఆ మాటలో బరువే లేదు. దానికి బదులు దూరం తగ్గించండి. ఏడాది ప్లాను కాదు, ఈ పంట ప్లాను. వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున డబ్బు వాడి చేతికి రాకముందే మేత డీలరు బాకీలో కొంత భాగం నేరుగా జమ అయ్యేలా, ఇంకొంత పోస్టాఫీసులో పడేలా ముందే ఏర్పాటు చేసుకోమనండి. డబ్బు చేతిలో ఉన్నప్పుడు నిగ్రహం చూపించమని అడగడం కంటే, డబ్బు చేతిలో లేకుండా చేయడం సులువు. ఈ మాట రొయ్యల కౌంటు, అంటే సైజు, బాగున్న రోజుల్లో, చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు మాట్లాడండి. రొయ్యలకి వైట్‌స్పాట్ జబ్బు వచ్చి చెరువు పోయిన వారంలో మాట్లాడకండి. మీ తమ్ముడిలాంటి బాల్యం ఉన్నవాళ్ళలో పాత తొందర కష్టం వచ్చినప్పుడే ఎక్కువగా పైకి లేస్తుంది, మామూలు రోజుల్లో వాళ్ళకీ మిగతావాళ్ళకీ పెద్ద తేడా ఉండదని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లోనూ నేను ఇదే చూస్తున్నాను.

అప్పు మీరు తీర్చాలా అన్న సందేహం కూడా మధ్యలో రాశారు. అకస్మాత్తుగా మొత్తం తీర్చకండి. అది వాడికి ఇంకో లాటరీ అవుతుంది, లోకం లెక్క లేకుండా ఇస్తుంది, లెక్క లేకుండా తీసుకుంటుందనే నమ్మకాన్నే గట్టి చేస్తుంది. సాయం చేయాలనుకుంటే చిన్న మొత్తం, తెలిసిన తేదీ, తప్పకుండా. పదో తారీఖు అంటే పదో తారీఖే. ఇవ్వలేనప్పుడు ముందే చెప్పండి.

వాడిలో ఉన్న బలాన్ని కూడా చూడండి. నిలకడ లేని ఇళ్ళలో పెరిగినవాళ్ళు అనిశ్చితి ఎదురైనప్పుడు ఒక పని మీది నుంచి ఇంకో పని మీదికి మనసు తిప్పడంలో ఇతరులకంటే చురుగ్గా ఉంటారని 2015లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. అదే సమయంలో చేస్తున్నదాన్ని ఆపుకోవడంలో వెనకబడతారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎవరు పడవలు సర్దారో, ఎవరు ముసలివాళ్ళని ఏటిగట్టు ఎక్కించారో నేను చూశాను. వాళ్ళలో ఊళ్ళో "పనికిరానివాడు" అనిపించుకున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి మనిషికి క్షణక్షణం మారే పనిలో బాధ్యత, నెల జీతం రెండూ కలిసిన చోటు దొరికితే సొంత లీజు కంటే బాగుంటుంది. వేరేవాళ్ళ చెరువుల మీద సూపర్‌వైజరు పనో, రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీలో పనో వాడితో మాట్లాడి చూడండి.

పందేల సంగతి మాత్రం స్వభావం కింద సరిపెట్టకండి. పండగ మూడు రోజులతో ఆగితే ఒక మాట. మీరు రాసినట్టు మిగతా ఏడాది కూడా ఫోన్లో ఆడుతూ, పోయింది రాబట్టుకోవడానికి మళ్ళీ అప్పు చేస్తుంటే అది వ్యసనం, దానికి వైద్యం ఉంది. "నేను లేకపోతే మీరంతా సుఖంగా ఉంటారు" అని ఒకసారి అన్నాడని రాశారు. ఆ మాటని బెదిరింపుగా తీసుకోవద్దు. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

మీ అమ్మాయి గురించి. ఆమెకి పదకొండేళ్ళు, ఆలస్యంగా వస్తే మీకు చేతులు వణుకుతాయి, కేకలేస్తారు, తర్వాత ఏడుస్తారు. మీ కష్టం ఆమెకి అంటదు, ఆమెకి అన్నం, బడి, నాన్న అన్నీ ఉన్నాయి. అంటితే అంటేది ఒక్కటే: అమ్మ ఎప్పుడు పేలుతుందో తెలియకపోవడం. మీ నాన్న తాగుడులో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఈ రాత్రి ఎలా ఉంటుందో తెలియకపోవడమే కదా. మీరు ప్రశాంతమూర్తి కానక్కర్లేదు. ఆలస్యమైతే ఏం జరుగుతుందో ముందే ఇద్దరూ కూర్చుని ఒక నియమం పెట్టుకోండి, ప్రతిసారీ అదే జరగనివ్వండి. కేకలేసిన రోజున అదే రాత్రి "నాకు భయమేసింది, అందుకే అరిచాను, నువ్వు చేసింది అంత పెద్ద తప్పు కాదు" అని చెప్పండి. అది చాలా పని చేస్తుంది. బియ్యం బస్తాలు ఉండనివ్వండి, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. మూడో చీటీ కోసం అమ్మాయి డాన్సు క్లాసు మాన్పించారని రాశారు, దాన్ని మాత్రం మళ్ళీ మొదలుపెట్టండి.

అమ్మని నిందించాలా వద్దా అన్నది మీరు అడగలేదు గానీ ప్రశ్నంతా దాని చుట్టూనే తిరిగింది. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఇద్దరు పిల్లల ఆకలి అన్నేళ్ళు ఆగదు. ఆవిడకి ఆ రోజు కనబడిన దారి కువైట్ ఒక్కటే. అయినా మీకు కోపం రావడమూ సహజమే. ఆవిడ ఇప్పుడు మీ దగ్గరే ఉన్నారు కాబట్టి, డబ్బు రాని నెలల్లో అక్కడ ఏం జరిగిందో ఒకసారి అడగండి, వీలైతే తమ్ముడు కూడా ఉన్నప్పుడు. జీతం ఆపేశారా, జబ్బు పడ్డారా, పంపిన డబ్బు మధ్యలో ఎవరైనా తిన్నారా అన్నది మీ ఇద్దరికీ ఇప్పటిదాకా తెలియదు. కారణం తెలియని ఎగవేతకీ, కారణం తెలిసిన కష్టానికీ మనసులో వేరు వేరు చోట్లు ఉంటాయి.

తమ్ముడితో మాట్లాడాక వాడు ఒప్పుకుంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఇద్దరూ కలిసి చేయండి. ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉందని వాడు చెబితే ఒప్పుకునేదాకా ఆగకండి. ఆ రోజే జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి, చెరువు మందులు, పురుగుమందులు అందకుండా తీసేయండి.